ఎడమచేతి వైపు కొండ

పంతొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటూ
ఈ ఊరు చూడ్డానికి టిక్కెట్టు కొన్నాను.
పోర్టు ఆఫీసులో నా కిటికీ
పక్క బిల్డింగు గోడలోకి తెరుచుకుంటుంది మరి.

నాలుగు వందల యాభై. పులిహోర పొట్లం అందులోనే.
వాయుగుండం అని రాత్రి వార్తల్లో చెబుతూనే ఉన్నారు.
కట్టిన డబ్బు వాపసు ఇవ్వబడదని
రసీదు వెనక అంతకంటే గట్టిగా రాసి ఉంది.

కాంప్లెక్సు దగ్గర వ్యాన్లో
రాయగడ నుంచి వచ్చిన కొత్త జంట,
కేజీహెచ్‌లో నైట్ డ్యూటీ దిగి అలాగే వచ్చేసిన ముగ్గురు నర్సులు,
తడి గొడుగుని ఎక్కడ పెట్టాలో తెలియని ఒక పెద్దాయన,
మైకులోకి ఊది చూసుకుంటున్న గైడు సన్నిబాబు.

"ఎడమచేతి వైపు కొండ," అన్నాడు సన్నిబాబు.
ఎడమచేతి వైపు తెలుపు.
"కుడిచేతి వైపు సముద్రం."
అటూ అదే తెలుపు, కాస్త ఉప్పగా.

కైలాసగిరి మీద
శివుడూ పార్వతీ మోకాళ్ళ దాకానే ఉన్నారు.
"ఇక్కణ్ణించి సూత్తే బీచి రోడ్డు
వడ్డాణంలాగ మెలి తిరిగి అగుపడతాదండి.
అదిగో డాల్ఫిన్ నోసు. అదిగో లైట్‌హౌసు."
అతను వేలు చూపించిన చోటికల్లా
తలలు తిప్పాం, అందరం, బుద్ధిగా.
రాయగడ అబ్బాయి ఆ తెలుపుని పద్నాలుగు ఫొటోలు తీశాడు.

ముడసర్లోవలో నీళ్ళు
ఒడ్డున చాపెడు మేర కనిపించాయి.
దాని మీద తేలే సోలార్ పలకలు
ఎండ కోసం వెల్లకిలా పడుకుని ఉన్నాయి.
"పాపం, వీటికీ ఇవాళ సెలవే," అంది ఒక నర్సు.
ఆవిడ నవ్వితే అందరం నవ్వాం.
పెద్దాయన మాత్రం ఉండబట్టలేక
"లేనిదాన్ని ఎందుకు చూపిస్తావయ్యా?" అన్నాడు.

సన్నిబాబు మైకు దించాడు.
"నేకపోడమేటండీ. ఉన్నాది.
మనకి అగుపడనేదు, అంతే."

తర్వాత ఎవరూ నవ్వలేదు.
తర్వాతే అడగడం మొదలుపెట్టాం.
ఆ కొండ మీద ఏం చెట్లు? జీడిమామిడండి.
ఎటువైపు నుంచి ఎక్కుతారు? ఎనకనించి, గొర్రెల దారంట.
నువ్వెక్కావా? మా మేనత్తతో,
చీపురు కోతకి, పదేళ్ళప్పుడు.
కాగితంలో లేని మాటలివి,
మైకు లేకుండా చెప్పాడు.

మేఘాద్రి గెడ్డ దగ్గర వాన జోరెక్కింది.
"పేరులోనే మబ్బుందండి, మనమేటి సేత్తాం!"
కిటికీలు బిగించుకుని పులిహోర తిన్నాం.
మా ఊపిరికి అద్దాలు మసకేశాయి.
నిద్రమత్తులో ఉన్న నర్సు
నా పక్క అద్దం మీద వేలితో
మూడు కొండలు గీసింది, పిల్లలు గీసినట్టు,
మధ్యలో ఒక సూర్యుడు.

సన్నిబాబు చూశాడు. చూసి ఊరుకోలేకపోయాడు.
"అలక్కాదమ్మా," అంటూ అరచేత్తో తుడిచి
మళ్ళీ గీశాడు.
ఒకే గీత, వేలు ఎత్తకుండా.
నడిమి కొండ దగ్గర కొంచెం వంగి,
కాసేపు ఆగి, దిగి, చివరికంటా.
సూర్యుణ్ణి పెట్టలేదు.

తిరుగుదారిలో అంతా నిద్ర.
నర్సులు ముగ్గురూ ఒకరి మీద ఒకరు ఒరిగి,
పెద్దాయన నోరు తెరిచి,
కొత్త పెళ్ళికూతురు మొగుడి చేతిసంచీ మీద తల పెట్టి.
గోపాలపట్నం ఇంకా రాలేదు.
అప్పుడు
ఎవరో దుప్పటి లాగేసినట్టు మబ్బు పక్కకి జరిగింది.

కొండ.
తడిసి, నల్లగా, చాలా దగ్గరగా.
ఇంత దగ్గర్లో ఉందా ఇన్నాళ్ళూ!
అద్దం మీద ఆరిపోతున్న గీతకి
వేలెడు పక్కగా అదే వంపు.

సన్నిబాబు మైకు అందుకున్నాడు.
బొటనవేలు మీట మీద పెట్టాడు.
నర్సుల వైపు ఒకసారి చూశాడు.
నొక్కలేదు.
అద్దంలోంచి నావైపు చూసి
గడ్డం మాత్రం ఎడమకి తిప్పాడు.

అర నిమిషం కూడా లేదు. మళ్ళీ కప్పేసుకుంది.

కాంప్లెక్సులో దిగేటప్పుడు
అభిప్రాయం రాయమని చీటీలిచ్చాడు.
దృశ్యాలు: బాగున్నాయి, చాలా బాగున్నాయి, టిక్కు పెట్టండి.
పెన్ను రాయక రెండుసార్లు విదిలించి
ఆ రెండు గళ్ళూ వదిలేసి
కింద ఖాళీలో రాశాను:
నడిమి కొండకి కాస్త గూని.