బండి ఱ

ఎనిమిది పన్నెండు బండి
అంబత్తూరులో ఆగీ ఆగకముందే
ఆడవాళ్ళ పెట్టెలోంచి కేక:
"సీటు పట్టి పెట్టుండా, రావే!"
సీటంటే మరేం లేదు,
ఒక కర్చీఫు, దానిమీద టిఫిన్ డబ్బా,
దానిమీద తాయారు మోచెయ్యి.

తనకి నోటికి తెలుగు, చేతికి అరవం.
మూడు తరాల కిందటే ఆవడిలో దిగినవాళ్ళు.
నేనేమో నెల్లూరు నించి నిన్నగాక మొన్న వచ్చి
బస్సు మీది బోర్డు చదవలేక
తిరువొత్తియూరుకని ఎక్కి
తిరువాన్మియూరులో తేలినదాన్ని.
ఆ కథకి వారం రోజులు నవ్వింది.
ఎనిమిదో రోజు బీన్సు తుంచుతూ తుంచుతూ
"మీ రాత నాకు నేర్పు, మా రాత నీకు నేర్పుతా,
లెక్క సరి" అంది.

పలకలు కిటికీ బయట ఉండేవి.
ప్రహరీలు, షట్టర్లు,
పార్టీ రంగుల కింద సగం మాసిన పేర్లు.
విల్లివాక్కం దాటేలోగా మూడక్షరాలు.
"మీకెందుకే ఇన్ని? క, ఖ, గ, ఘ!
మేం ఒక్క క-తో కాపురం చేసేస్తాం."
తలకట్లు మరిచేది.
పెట్టవే అంటే,
"ఈ ఉక్కలో దానికి టోపీ ఎందుకు?"

ఒకనాడు టికెట్టు వెనకాల
ఏదో గుండ్రంగా మొదలెట్టి నిటారుగా దించి, చదవమంది.
పలికి చూపించింది.
ఇది మా బండి ఱ కదా, అన్నాను,
రూపు వేరు గాని ఊపిరి అదే.
ఇప్పుడెవరూ రాయరు,
తాతయ్య దస్తావేజుల్లో చూశాను.
"అయ్యో, బంగారంలాంటి అక్షరాన్ని పారేసుకున్నారే!
దిగులు పడొద్దు, మా ఇంట్లో భద్రంగా ఉంది.
కావాల్సినప్పుడు వచ్చి తీసుకుపో."
అప్పట్నించి గోడ మీద అది కనబడితే చాలు
మోచేత్తో పొడిచేది: "అదిగో, మీ బండి!"

బేసిన్ బ్రిడ్జి దగ్గర సిగ్నల్ పడక
పెట్టె పెట్టంతా విసుక్కునేది.
మా ఇద్దరికీ మాత్రం
అది ఎక్స్‌ట్రా క్లాసు.

సోమవారం కర్చీఫు లేదు.
మంగళవారం ఫోను మోగి మోగి ఊరుకుంది.
బుధవారం ఏం చేశానో గుర్తు లేదు.
గురువారం వంతెనెక్కి అవతలి ప్లాట్‌ఫారానికి పోయి
ఎదురు దిక్కు బండెక్కాను.

ఆవడిలో, వాళ్ళ సందు మొదట్లో,
ఇస్త్రీ బండి వెనక గోడ మీద తాయారు.
నీలం చీర. స్టూడియోవాడు వెనకాల అతికించిన
ఎక్కడిదో జలపాతం.
చుట్టూ అక్షరాలు.
ఎవర్నీ అడగలేదు. కూడబలుక్కున్నాను.
క. ణ్. ణీ. ర్.
ఈ మాటకి రెండు భాషల మధ్య
టికెట్టు కొననక్కర్లేదు.
తర్వాత పేరు.
పేరు కింద రెండు తేదీలు,
ఒక్కో తేదీ పక్కన ఒక్కో మాట:
తోఱ్ఱం.
మఱైవు.
కనబడటం, కనుమరుగవడం.
రెండింట్లోనూ ఉంది,
వచ్చి తీసుకుపొమ్మన్నది.

తోడు లేకుండా అరవంలో
మొదటిసారి మొత్తం చదివింది అదే తాయారూ,
ఒక్క తప్పు పోలేదు.

ఇస్త్రీ పెట్టె బొగ్గులు ఊదుతున్న ముసలాయన
"యార్ వేణుం మా?" అన్నాడు.
ఎవరు కావాలో
ఏ భాషలో చెప్పాలో తెలియలేదు.

ఇప్పుడూ అదే బండి.
అంబత్తూరులో ఎక్కి గుమ్మం దగ్గరే నిలబడతాను,
సీటు ఖాళీగా ఉన్నా సరే.
బేసిన్ బ్రిడ్జి దగ్గర ఆగుతుంది, ఎప్పట్లాగే
ఎవరో రైల్వేని తిడతారు,
ఎవరో మల్లెమొగ్గలు మాల కడుతుంటారు.
తలుపు రేకు మీది దుమ్ములో వేలితో
ఒక బండి ఱ రాస్తాను.
తలకట్టు లేని అక్షరం.
రాశాక గుర్తొస్తుంది
దీన్ని తనకి నేర్పనే లేదని.