ఈకపాటు

ఆదివారం. అనంతపురం టవర్ క్లాక్ వెనక సందు,
సైకిల్ షాపు మీద రేకుల గది.
ఖాజాపీరా ఆట నడుపుతాడు.
మ్యాపు నాలుగు మూలలా నాలుగు రాళ్ళు,
ఫ్యాను గాలికి కోట లేచిపోకుండా.

నేను మాంత్రికురాలిని.
వయసు మూడు వందల ఏండ్లు, మోకాళ్ళ నొప్పి,
చేతిలో అట్ట చినిగిన నోటుబుక్కు.
అందులో నలభై మూడు మంత్రాలుండాయి.
తెల్లారి నాకు దక్కేవి తొమ్మిదే.

తొమ్మిది చెనిక్కాయ విత్తనాలు.
నాలుగు చిన్న మంత్రాలకు, మూడు నడిమివాటికి,
రెండు పెద్దవాటికి. ఆ రెండూ వేయించినవి.
ఒక్కోదానికీ పేరు పెట్టి వరసగా పేరుస్తా.
మంత్రం విసిరితే గింజ నోట్లో పడాల.
నమిలి మింగినాక ఆ మంత్రం నాకు రాదు,
మళ్ళీ ఒక రాత్రి నిద్రపోయి లేచేదాకా
మొదటి అక్షరం కూడా నాలిక మీదికి రాదు.

"నేర్చుకున్నోళ్ళు మర్చిపోతారా యాడన్నా?"
అని నగుతాడు నారప్ప, కత్తి పట్టుకోని.
వాని కత్తికి ఆకలి లేదు, నిద్ర లేదు.
ఎన్నిసార్లు తిప్పినా కత్తి కత్తే.

నాకిది కొత్త గాదు.
డిపోలో డ్యూటీ చార్టు రాసేది నేనే.
రేపు జనం యాడ గుంపవుతారో ఈ రాత్రికే తెలియాల.
ధర్మవరానికి రెండు బండ్లు ఎక్కువేస్తే
తాడిపత్రి స్టాండులో తిట్లు మొలుస్తాయి.

మొన్న అట్లనే, చలిదేశమన్నాడని
మూడు అగ్గిమంత్రాలు పేర్చుకోని పోయినా.
గుహలో ఎదురైంది ఒక తలుపు.
తలుపంటే తలుపే. ఇనుపది.
తాళం తీసే మంత్రం నోటుబుక్కులో పదకొండో పేజీ,
నా నోట్లో లేదు.
గంటన్నర సేపు ఒక తలుపును కాల్చినాము.
అది ఎర్రబడింది గానీ తెరుచుకోలేదు.
ఆ మధ్యలో మస్తానమ్మ మాటల్లో పడి
నా నిద్రమంత్రాన్ని బొరుగులతో కలిపి తినేసింది.
ఖాజాపీరా పాచిక వేసి చూసి
"మస్తానమ్మ నిద్రపోయింది" అన్నాడు.

అయినా తొమ్మిదింటిలో ఒకటి ఎప్పుడూ మారదు.
చివరి చిన్న గింజ, ఈకపాటు.
పడేవాణ్ణి గాలి అరచేతిలో పట్టి
ఈక మాదిరి నేలకు దించే మంత్రం.
అది ఓబులేసు కోసం.
వాడు దొంగ. గోడ కనబడితే ఎక్కుతాడు,
ఎక్కినాడంటే పడతాడు. పాచికలు వాని పగోళ్ళు.
ఖాజాపీరా మాట సగంలో ఉండగానే నేను గింజ నమిలేదాన్ని.
"అక్కా, ఈసారి నిజంగా జారలేదు" అనేవాడు కింద నిలబడి
లేని దుమ్ము దులుపుకుంటా.

ఓబులేసు ఇప్పుడు రామగిరి కొండ మీద
గాలిమరల కంపెనీలో ఉండాడు.
ఎనభై మీటర్లు, లోపల ఇనుప నిచ్చెన,
నడుముకు రెండు కొక్కేలు.
ఒకటి తగిలించినాకే ఇంకోటి తీయాలంట.
గాలి తగ్గిన రోజే ఎక్కేదంట,
ఆదివారమని గాలికేం తెలుసు.
ఆషాఢం పోయినప్పటి నుంచీ వాని కుర్చీలో
నారప్ప హెల్మెట్ కూర్చుంటాది.

నారప్ప గింజలు లెక్కబెట్టి
"వాడు లేడు కదక్కా, దండగ గింజ.
ఆ చోట ఇంకో కవచం పెట్టుకో" అంటాడు.
లెక్క వానిదే కరెక్టు.
పోయిన వారం ఆ కవచం లేకనే నేను
తోడేలు పంటి కింద సగం చచ్చినా.

మ్యాపు మడిచి రాళ్ళు ఏరుకునే పొద్దుకు
ఎనిమిది గింజల పొట్టు, ఒక గింజ.
వాడని మంత్రం రేపటికి కూడబెట్టేది లేదు, అది రూలు.
నిద్ర లేస్తే మళ్ళీ మొదట్నించి పేర్లు పెట్టాల.
గింజను పర్సులో చిల్లర అరలో వేసుకోని
మెట్లు దిగుతా.

సోమవారం ఐదింటికి డిపో గేటు కాడ
రామగిరి బండి హారన్ కొడతాది.
చార్టులో సంతకం పెట్టి తల ఎత్తి చూస్తా.
వేపకొమ్మ కదలడం లేదు.
అంటే వాడు ఈ రోజు ఎక్కుతాడు.
పర్సు తెరిచి, చిల్లర కింద
గింజను వేలితో తడిమి
దానికి మళ్ళీ ఆ పేరే పెడతా.
తినను.