లొల్ల లాకుల దగ్గర సున్నా

సెలవుకొచ్చి లొల్ల లాకుల గట్టు మీద
లస్కరు ఏసుపాదానికి నా పని చెబుతున్నాను.

పూతరేకు కన్నా పలచగా పొర మీద పొర,
పొరల మధ్య చీమ కంటికైనా ఆనని చుక్క.
గిల్లితే ఒక్కటంటే ఒక్క వెలుగు గింజ రాలుస్తుంది.
అలాంటి రెంటిని చెరోవైపు నుంచి
సగం అద్దం మీదికి వదులుతాం.

"సగం అటు, సగం ఇటు. అంతేగా?
నా తలుపులదీ అదే పని."

కాదు ఏసుపాదం.
అవి అచ్చం ఒకటే అయితే,
ఏది ఏదో అద్దానికే తెలియకపోతే,
విడిపోయే దారులు రెండూ
ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.
కలిసి అటో, కలిసి ఇటో.

చెవి మీది బీడీ తీసి
మళ్లీ అక్కడే పెట్టాడు.
"ఎప్పుడూ అంతేనా?"

చుక్క కాస్త వేడెక్కినా
ఒక గింజ రవ్వంత ఆలస్యమైనా
దేని దారి దానిదే.
మూడేళ్లు ఆ అద్దాన్ని
వెంట్రుకలో వెయ్యోవంతు చొప్పున జరిపాను.
మొన్నొక తెల్లవారుజామున
రెండు డిటెక్టర్లూ ఒక్కసారే మోగడం మానేశాయి.
దాదాపు సున్నా.

"సున్నాకి జీతమిస్తారా!"
నవ్వుతూ చక్రం తిప్పడానికి లేచాడు.

గుర్రపుడెక్క మొక్కలు రెండు
పక్కపక్కనే కొట్టుకొచ్చాయి.
ఒకటి అమలాపురం కాలవకి,
ఒకటి ముక్తేశ్వరం వైపు.

ఒకదానికి పువ్వుంది.