నాలుగో లైన్లో జెరాక్సు

బ్రాడీపేట నాలుగో లైన్లో
మంచం పట్టేంత కొట్టు నాది.
మార్చి వచ్చిందంటే మిషను అద్దం చల్లారదు.
పచ్చటి వెలుగు నా మొహం మీదుగా
పోతుంటుంది, వస్తుంటుంది.

కెజియా తెచ్చింది ఆ నోట్సు.
హైమవతి మేడం చేతిరాత, ముప్పై రెండు కాయితాలు,
ఆఖరి దాని మీద ఆవకాయ నూనె మరక.
"ఒక సెట్టంకుల్. ఒరిజినల్ మేడంకి ఇచ్చెయ్యాలి, జాగ్రత్త."

చదవడం నా పని కాదు.
ఏ అక్షరమైనా నాకు పేజీ రూపాయే.
కానీ సగంలో కరెంటు పోయింది,
గుమ్మంలో ఎండకి నిలబడి చదివాను.

మెలి తిరిగిన నిచ్చెనట.
ఆ భాషకి నాలుగే అక్షరాలట.
(మనకి యాభై ఆరు పెట్టి బెత్తం దెబ్బలు తినిపించారు.)
జీకి సీతోనే కుదురుతుంది, మూడు ముళ్ళ సంబంధం.
ఏకి టీతో, రెండే ముళ్ళు.
విప్పాల్సొస్తే ముందు ఊడేది వీళ్ళేనట,
మూడో ముడి ఎందుకు వేస్తారో
నాకు యాభై మూడో ఏట తెలిసింది.

ఒక పోగు ఎటు నడిస్తే రెండోది దానికి ఎదురు,
ఓవర్‌బ్రిడ్జి మీద ఆటోల్లాగ.

కాపీ తీసేముందు నిలువునా విప్పుతారట.
ఒక పోగుకి జత చకచకా అల్లుకుపోతుంది, ఆగదు.
రెండోదాని ఖర్మ వేరు.
కొంచెం రాయాలి, ఆగాలి,
ఎగిరి ముందుకెళ్ళి మళ్ళీ వెనక్కి రాసుకుంటూ రావాలి,
ముక్కలు, ముక్కలు, ముక్కలు.
తరవాతెవరో వచ్చి అతుకులేస్తారు.
దీన్ని నేనెరుగుదును.
నా రెండో మిషను.
కాయితం ఇరుక్కోవడం, తలుపు తీసి లాగడం,
మళ్ళీ మీట నొక్కడం.

ఇంకో మాట దగ్గర మాత్రం
అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను.
అసలు ప్రతి అంటూ విడిగా మిగలదట.
పాత పోగు ఒకటి ఈ జంటలోకి,
ఇంకొకటి ఆ జంటలోకి.
ఇరవై రెండేళ్ళుగా కౌంటరు మీద
"ఒరిజినల్ తీసుకున్నావా అమ్మా" అని అరుస్తున్న గొంతు నాది.
అక్కడ ఆ అరుపుకి పనే లేదు.

కరెంటొచ్చింది.
పదకొండో కాయితం దగ్గర
అద్దం మీద వాలిన దోమ మూతకింద నలిగింది.
నేను చూసుకోలేదు.
పిన్నులు కొట్టే తొందరలో మస్తాను
రెండు దొంతరలూ కలిపేశాడు.
అదీ చూసుకోలేదు.

మర్నాడు మేడం వచ్చింది.
కొట్టు ముందే నిలబడి పేజీలు వేలితో తడిమింది.
ఒకదాని మీద బాల్‌పెన్ను గుంటలు,
పక్కది నున్నగా.
మళ్ళీ గుంటలు. మళ్ళీ నున్నగా.
"కెజియా దగ్గరవీ ఇంతేనా?"
"అంతేనండి, సగం సగం. పిలిపిస్తాను, మార్చేస్తాను."
వద్దంది.
కళ్ళజోడు తీసి కళ్ళొత్తుకునేదాకా నవ్వింది.
ఎందుకని నేనూ అడగలేదు, చదివానుగా.

ఆ ఏడాది కెజియా సెట్టు నుంచి నలభై తీశాను,
వాటి నుంచి ఎన్నో లెక్కలేదు.

నిన్న నల్లపాడు కుర్రాడొకడు
నీలం సిరాతో ఫెయిర్ చేసిన నోట్సు తెచ్చాడు.
ముత్యాల్లాంటి రాత.
నిచ్చెన బొమ్మలో ఏ నెత్తిన చిన్న కొక్కెం,
రెండు సన్నటి కాళ్ళు, వంగిన రెక్క,
స్కేలు పెట్టి గీశాడు.
"ఇదేంటి బాబూ?"
"ఏమో అంకుల్, వదిలేస్తే అరమార్కు కట్టంట."

వంద కోట్ల అక్షరాలకి ఒక్క తప్పు పోతుందని
మేడం రాసింది, అంత దిద్దుకున్నాక కూడా.
నా అద్దం అంత గొప్పదేం కాదు.

గుడ్డతో తుడిచాను.
వైట్‌నర్ సీసా మూత తీసి,
ఆ దోమ వైపు చూసి,
మళ్ళీ బిగించాను.

"ఎన్ని సెట్లు?" అన్నాను.