వలలోంచి బంతి

పోర్టు గ్రౌండులో సున్నం గీతలు గీసేది నేనే,
ముప్పయ్యొక్క ఏళ్లుగా.
గీత వంకరపోతే మా ఆవిడకి తెలిసిపోతుంది
ఆ పూట నా ఒంట్లో బాలేదని.

పరాగ్వే నుంచి వచ్చాడాయన, ఒక్క సీజను ఒప్పందం మీద.
పేరు ఎవారిస్తో. కుర్రాళ్ల నోట్లో పడి
వారం తిరక్కుండానే వారిస్తు గారయ్యాడు.
వాళ్ల దేశానికి సముద్రం లేదట.
మొదటిరోజు కోస్టల్ బ్యాటరీ దగ్గర అలలకెదురుగా
మోకాళ్లు కాస్త వంచి, రెండు చేతులూ విప్పి నిలబడ్డాడు,
ఎటు కొడుతుందో చూద్దామన్నట్టు.
పల్లీలమ్మే పోలమ్మ నవ్వింది:
"ఏటీ దొర, సంద్రాన్ని ఆపేత్తాడేటి?"

మేనేజరుకని కుర్చీ వేశాం, పైన గొడుగు కట్టాం.
ఒక్కనాడూ కూర్చోలేదు.
గీత అవతల కుడికి నాలుగడుగులు, ఎడమకి నాలుగడుగులు.
చివర చెయ్యి చాపి
లేని స్తంభాన్ని తట్టేవాడు,
ఉందో లేదో చూసుకున్నట్టు.

టీ గ్లాసు పట్టుకున్నప్పుడు వేళ్లు చూశాను.
పదింటిలో మూడే తిన్నగా ఉన్నాయి.
ఇంగ్లీషు నాకు రాదు, ఆయనకీ అంతంతమాత్రమే,
అందుకే బాగా మాట్లాడుకున్నాం.
నా సున్నంతోనే నేలమీద గీసి చెప్పాడు:
ఇది గోలు. ఇది వాన. ఇది నేను.
ఒక చుక్క పెట్టి, దాన్ని గీత దాటించి
బూటుతో చెరిపేశాడు.
"ఎనభై నాలుగు," అన్నాడు.
సంవత్సరమో, నిమిషమో నేనడగలేదు.

మార్చి ఆఖరు. సిందియా వాళ్లతో ఆఖరి ఆట.
హార్బరు మీంచి ఖనిజం దుమ్ము వాలి
నా తెల్లగీతలన్నీ తుప్పురంగు.
గోల్లో మావాడు మైలపిల్లి ఎల్లాజీ, పంతొమ్మిదేళ్ల గుంటడు,
పొద్దున్న తెప్ప దిగి మధ్యాహ్నం గ్లవుజులేసుకునేవాడు.
ఇంకాసేపట్లో అయిపోతుందనగా
మెత్తగా వచ్చిన బంతి,
చంటిపిల్లని అందుకున్నట్టు అందుకోవాల్సింది,
కాళ్లసందులోంచి దొర్లిపోయింది.

మన భాషలో ఎన్ని తిట్లున్నాయో
ఆ సాయంత్రమే తెలిసింది నాకు.
మావాళ్లు పదిమందీ వీపులు తిప్పి
మధ్యగీతకి నడిచారు.
బంతి వల మూలన కూర్చుంది.
గోల్‌కీపరు వెనక్కి తిరిగి, వంగి, దాన్ని తెచ్చుకునే
ఆ మూడంగల దూరం
ఇన్నేళ్లలో నేనెప్పుడూ చూడలేదు.
గీతలు చూసేవాణ్ణి.

వారిస్తు గారు నా గీత దాటాడు.
రిఫరీ విజిలు ఊదాడు, కార్డెత్తాడు. ఆయన అటు తిరగలేదు.
అరవై దాటిన మోకాళ్లతో మైదానానికి అడ్డంపడి,
ఎల్లాజీని దాటి, వలలోకి వంగి
బంతి తీశాడు.
చొక్కా అంచుతో ఎర్రదుమ్ము తుడిచి
వాడి చేతుల్లో పెట్టాడు.
ఏమీ అనలేదు. అన్నా
వాడికి తెలిసే భాష కాదు.

ఓడిపోయాం. ఒప్పందం పొడిగించలేదు.
అరటిపళ్ల బాకీ నలభై రెండు రూపాయలు మర్చిపోయి వెళ్లాడు,
నేనే కట్టాను.

ఎల్లాజీ వేటకెళ్తూనే ఉన్నాడు.
ఆదివారం ఇసకలో పిల్లలాడుతుంటే పక్కన నిలబడతాడు.
ఏ గుంటడు గోలు తిన్నా
బంతికోసం ముందు పరిగెత్తేది వాడే.

నా పని నాది.
మేనేజరు నిలబడే చోటికి వచ్చేసరికి
సున్నం బండి కొంచెం పైకి లేపుతాను.
ఒక్క అంగ ఖాళీ.
ఇదేంటని కొత్త సెక్రెటరీ అడిగాడు.
సున్నం సరిపోలేదండీ అన్నాను.