నేతిబీరకాయలు

"చేయి" అని కొడితే ఏడు వస్తున్నాయి,
స్వెటర్ల అల్లిక లెక్కలు.
తెరుచుకునేవి మూడే.
తక్కిన నాలుగూ నేతిబీరకాయలో నెయ్యి.

"కిందటి చలికాలం నా చేత్తో నేనే తీసేశాను,
మరి దీనికెవరు చెబుతున్నారు?"
అంటుంది ఓలువ,
క్లాక్స్‌విక్ రేవులో ఊలు కొట్టావిడ.

తీసింది బీరువాలోంచి, అన్నాను.
పద్దులో పేరు కొట్టెయ్యలేదు.
వెతికేవాడు బీరువా దాకా పోడు,
పద్దు చూసి పలుకుతాడు.

పాత పద్దు చింపి
మొదటినుంచి రాయమన్నాను యంత్రాన్ని.
నలభై వేల చిల్లర.
ఒక్కో తలుపూ తట్టి, ఉన్నావా, అని అడగాలి.
బయట వాన అడ్డంగా కురుస్తోంది.
రెండు కాఫీలయ్యాయి, రూబార్బ్ జాము సీసా సగమైంది.
నేను చూడలేదనుకుని
పాత బిల్లు వెనకాల ఏదో రాసుకుంది.

తొంభై తొమ్మిది దగ్గర అరగంట మొరాయించి
కదిలింది.
"చేయి" అంటే మూడు. మూడూ తెరుచుకున్నాయి.
"ఇప్పుడు నిజం చెబుతోంది," అంది,
మెచ్చుకున్నట్టు కాదు.

కూలి కింద జత మేజోళ్ళిచ్చింది.
ఇంటికొచ్చి విప్పితే
చుట్టిన కాయితం మీద పెన్సిలు రాత:
సకారిస్ ఎడమ చేయి
సకారిస్ కుడి చేయి
సకారిస్ కుడి చేయి కొత్తది
సకారిస్ కుడి చేయి ఇదే ఆఖరు

తడి ఆరని కోటు
మళ్ళీ తొడుక్కున్నాను.