నెల్లిమర్ల రోడ్డు షెడ్డుకి గేట్లు

ఒకప్పుడది గోనెసంచుల గోడౌను.
రెండు పక్కలా గోడ, నెత్తిన రేకు,
తూర్పు చివరా పడమటి చివరా ఉత్త గాలి.
లారీ ఇటు దూరి అటు తేలిపోయేదట,
వెనక్కి తిప్పుకునే పని లేకుండా.
పదకొండేళ్ళు మేం రెండేసి వెదురు బొంగులు అడ్డం కట్టి
దాన్నే గుమ్మం అనుకున్నాం.
తాడు ముడేస్తే గోడ, విప్పితే దారి.

ఇప్పుడు టేపు పట్టుకుని నిలబడ్డాను.
తూర్పు పద్నాలుగు అడుగులు. పడమర పద్నాలుగున్నర.
ఇదేం లెక్కని అడిగితే వెల్డింగు తవుడు
చెవి మీంచి బీడీ తీసి చెప్పాడు:
"గోడలకీ వయసొచ్చేస్తాది కదమ్మా,
కాళ్ళు ఎడంగా ఏసుకుని నిలబడతాయి."

రేకు గేటు చవకన్నాడు. రంగు ఊరికే వేస్తానన్నాడు,
కావాలంటే ఎర్రక్షరాలతో
'పెళ్ళి గుర్రాలు అద్దెకు' అని, కింద ఫోను నంబరు.
ఆశ పుట్టింది, అబద్ధమెందుకు.
కానీ ఆ తుఫాను రాత్రి నాకు గుర్తే.
ఎదురుగా రైసుమిల్లు తన కప్పునంతా
చెరుకుతోటలో పారేసుకుంది.
మా షెడ్డులో గాలి ఇటు దూరి అటు తేలిపోయింది
ఆ పాత లారీలాగే.
అడ్డం చెప్పని ఇంటితో గాలికి తగువేముంది?
రేకు వద్దన్నాను.

జాలీ గేటు కన్నుల్లో పిడికిలి పెట్టి చూశాను.
గిట్ట దూరుతుంది, తిరిగి రాదు.
అస్సలు దూరకపోయినా బాగే, దూరి వచ్చేసినా బాగే,
కాలు విరిగేదంతా ఆ మధ్య కొలతలోనే.

మాఘంలో ఒక రాత్రి
ఎవరి ఊరేగింపులోనో ఔట్లు పేలాయి,
వెదురు పటుక్కుమంది.
లేచి చూస్తే సుబేదారు ఉన్నాడు, పిల్ల ఉంది,
పావలా లేదు.
నుదుటి మీద తెల్లని బిళ్ళ దానికి, ఆ పేరు అందుకే.
టార్చి పట్టుకుని చంపావతి వంతెన దాకా వెళ్ళాను,
ఆగి ఉన్న ప్రతి లారీ బంపరూ చూశాను.
తెల్లారగట్ల మూడు లాంతర్ల దగ్గర్నుంచి
ఇడ్లీబండి సన్నాసమ్మ ఫోను:
"మీ గుర్రం ఇక్కడున్నాదే. ఆటోల వరసలో నిలబడింది."
నాన్న జట్కా నిలిపిన చోటు అది.
బండి అమ్మేసి పదకొండేళ్ళు.

"బేరమేదైనా తగిలిందేటి?" అన్నాడు నాన్న.
రోజంతా అదే అందరికీ చెప్పుకుని నవ్వాడు.
రాత్రికి తనే వెళ్ళి కొత్త బొంగులు కట్టాడు,
ఒక్కో కొసకీ మూడేసి ముళ్ళు.
పొద్దున్న పళ్ళు తోముకుంటూ,
నా వైపు చూడకుండా,
"గేట్లు ఏయించీ" అన్నాడు.

గొట్టాలే తీసుకున్నాం. ఐదు అడ్డం.
పై గొట్టం పావలా మెడ ఎత్తుకి,
రోడ్డు కనిపించాలి కదా.
బయటికి తెరుచుకునేలా. ఒంటిచేత్తో తీసే గడియ,
రెండో చేతిలో కళ్ళెం ఉంటుంది కాబట్టి.
పెదవితో లాగి తీసెయ్యకుండా గడియకో మెలిక.
ఆ మెలిక ఎటు తిరగాలన్న దాని మీద
తవుడూ నాన్నా ఒక పూటంతా దెబ్బలాడుకున్నారు.
పడమటి వైపు మిగిలిన అరడుగుకి
ఒక ముక్క అతికారు, అతుకు కనిపిస్తుంది.

గొట్టాల చివరలు మూయడం మర్చిపోయాడు తవుడు.
పడమటి గాలికి అవి ఊళ వేస్తాయి,
పావలా ఒక చెవి అటు తిప్పుతుంది, రెండోది తిప్పదు.
రేపొచ్చి మూసేస్తానంటాడు. రానీ.

నాకింకా అలవాటు కాలేదు.
చీకట్లో గేటు దగ్గరికొచ్చి
నా వేళ్ళు ముడి కోసం తడుముతాయి.
లోపల్నించి పావలా ఓపిగ్గా చూస్తుంది,
గడియ ఎక్కడుందో
దానికి ముందే తెలుసు.